గాయపు జ్ఞాపకాన్ని థెరపీలో ఎదుర్కోవడం ఎలా

ఎప్పుడో జరిగిన ఘోరం ఇప్పుడే కళ్ళముందు జరుగుతున్నట్టు ఒళ్ళంతా వణికించే జ్ఞాపకాలతో బతుకుతున్నవారి కోసం, ఆ స్థితికి పీటీఎస్‌డీ (పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్) అని డాక్టరు పేరు పెట్టాక థెరపీ గదిలో ఏం చేయిస్తారో, దానికి ఎలా సిద్ధపడాలో తెలుసుకోదలచిన ఇంట్లోవారి కోసం ఈ వ్యాసం. విశాఖపట్నంలో ఈ అవసరం కొత్తది కాదు. 1997 సెప్టెంబరులో హెచ్‌పీసీఎల్ రిఫైనరీలో జరిగిన పేలుళ్ళు, 2014 అక్టోబరు 12న నగరం దగ్గరే తీరం దాటిన హుద్‌హుద్ తుఫాను, 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారం నుంచి స్టైరీన్ అనే రసాయనపు ఆవిరి లీకై ఆర్.ఆర్. వెంకటాపురం జనం చీకట్లో పరుగులు తీసిన ఘటన అందరికీ తెలిసినవే. పత్రికలకెక్కని గాయాలు వీటికంటే ఎక్కువ: జాతీయ రహదారి మీద లారీ గుద్దడం, వేటకు వెళ్ళిన పడవ తిరగబడడం, పనిలో తోటి కార్మికుడు కళ్ళముందే కాలిపోవడం, ఇంటి మనిషే చేసిన లైంగిక దాడి.

ముందుగా ఒక హద్దు చెప్పాలి. కింద వివరించిన పనిని శిక్షణ పొందిన థెరపిస్టు తోడుతో చేయాలే తప్ప, ఇది చదివి ఒంటరిగా రాత్రిపూట గదిలో కూర్చుని మొదలుపెట్టకూడదు. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచనలు ఇప్పుడు బలంగా ఉన్నవారు ఈ వ్యాసాన్ని పక్కనపెట్టి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు వెంటనే ఫోన్ చేయాలి. అది ఉచితం, ఇరవైనాలుగు గంటలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు.

పెద్ద దుర్ఘటన తరువాత మొదటి కొన్ని వారాలు నిద్ర పట్టకపోవడం, చిన్న చప్పుడుకే ఉలికిపడడం, పీడకలలు రావడం చాలామందికి సహజంగానే జరుగుతుంది, చాలామందిలో దానంతట అదే తగ్గుతుంది. నెల దాటినా తగ్గకుండా, ఆ దృశ్యాలు పిలవకుండా వచ్చి మీదపడుతూ, వాటిని గుర్తుచేసే చోట్లనూ మనుషులనూ తప్పించుకోవలసి వస్తూ, తన మీదా లోకం మీదా నమ్మకం పోయి, ఒళ్ళు ఎప్పుడూ కాపలా కాస్తున్నట్టు బిగుసుకుని ఉంటే అప్పుడు పీటీఎస్‌డీ గురించి ఆలోచిస్తారు. ఈ రోగనిర్ణయం అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ వర్గీకరణలో 1980లో చేరింది. అంతకుముందు సైనికుల విషయంలో దీనికి వేరే పేర్లు ఉండేవి. మన ఇళ్ళలో దడుపు అంటారు, గాలి సోకిందంటారు. తాయెత్తు కట్టించుకున్నందువల్ల నష్టమేమీ లేదు కానీ, దానితోనే సరిపెట్టుకుని ఏళ్ళు గడిపేయడం నష్టమే.

ఘటన జరిగిన రెండో రోజునో మూడో రోజునో బాధితులందరినీ కూర్చోబెట్టి జరిగినదంతా చెప్పించే పద్ధతి ఒకప్పుడు బాగా చలామణీ అయింది. అలా ఒక్క విడతలో అందరి చేతా బలవంతంగా చెప్పించడం వల్ల పీటీఎస్‌డీ రాకుండా ఆగదని పరిశోధనల్లో తేలింది, ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని సిఫారసు చేయడం లేదు. తుఫాను తరువాత సహాయ శిబిరంలో ఉన్నవారికి ముందు కావలసింది నీళ్ళు, అన్నం, పైన కప్పు, తమవారి ఆచూకీ. చెప్పుకోవాలనుకున్నవారి మాట వినాలి, అనుకోనివారిని కదిలించకూడదు. «చెప్పుకుంటే గుండె బరువు దిగుతుంది» అన్న మాటలో ఉన్న నిజం సగమే. ఎవరితో, ఎప్పుడు, ఏ పద్ధతిలో, ఎంతసేపు చెప్పుకుంటామన్నదే మిగతా సగం, థెరపీ అంతా ఆ సగం మీదే నడుస్తుంది.

జ్ఞాపకాన్ని ఎందుకు తాకాలి

తప్పించుకోవడం వల్ల ఆ పూటకు ఉపశమనం దొరుకుతుంది, అందుకే అది అలవాటవుతుంది. ఫలానా రోడ్డు మీదుగా వెళ్ళరు, ఫలానా వాసన వస్తే లేచిపోతారు, వార్తల్లో సైరన్ మోగితే టీవీ కట్టేస్తారు. ప్రతిసారీ మనసు నేర్చుకునేది ఒకటే: తప్పించుకున్నాను కాబట్టి బతికాను. ఆ జ్ఞాపకం ప్రమాదకరం కాదనీ, ప్రమాదం అప్పట్లోనే ముగిసిపోయిందనీ తెలుసుకునే అవకాశం ఎన్నడూ రాదు. పైగా తీవ్రమైన భయంలో పడిన జ్ఞాపకం ముక్కలుముక్కలుగా, వాసనగా, చప్పుడుగా, కడుపులో తిప్పుగా నిలిచి ఉంటుంది, ముందేదో వెనకేదో తెలియదు. చిక్కుపడిన వలను ఫిషింగ్ హార్బర్లో ఒడ్డున కూర్చుని ఒక్కో కన్నూ విప్పుకుంటూ పోయినట్టు, ఆ ముక్కలను వరసలో పెట్టి, వాటికి ఆదీ అంతం కల్పించడం ఈ పని. వలను లాగితే చిక్కు ఇంకా బిగుస్తుంది, గోతంలో కట్టి మూల పడేస్తే చిక్కు చిక్కుగానే ఉంటుంది.

జ్ఞాపకం చెరిగిపోతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మవద్దు. జరిగినది గుర్తుంటుంది, బాధ కూడా కొంత ఉంటుంది, కానీ గుర్తుకొచ్చిన ప్రతిసారీ మళ్ళీ అనుభవించవలసిన స్థితి తగ్గుతుంది.

ఎవరి దగ్గరకు వెళ్ళాలి

మందులు రాయగలిగేది సైకియాట్రిస్టు. వారానికోసారి కూర్చోబెట్టి ఈ పని చేయించేది ఎక్కువగా క్లినికల్ సైకాలజిస్టు, వీరికి రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు అడగడంలో తప్పులేదు. నగరంలో ప్రభుత్వపరంగా వాల్తేరులోని మానసిక వైద్యశాల, కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) ఉన్నాయి. వాల్తేరు ఆసుపత్రి పేరెత్తితే వేళాకోళంగా మాట్లాడేవారు ఇప్పటికీ ఉన్నారు. ఆ వేళాకోళానికి జడిసి వైద్యం మానుకున్నవారు ఎందరో. ఓపీలో చూపించుకుని సాయంత్రానికి ఇంటికి వచ్చేయవచ్చనీ, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం మీ వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వైద్యం చేసేవారిదనీ అలాంటివారికి చెప్పండి.

మొదటి భేటీలోనే థెరపిస్టును సూటిగా అడగవలసిన ప్రశ్న ఒకటుంది: «గాయపు జ్ఞాపకం మీద పనిచేసే పద్ధతుల్లో మీరు దేనిలో శిక్షణ పొందారండీ?» జవాబుగా ప్రొలాంగ్డ్ ఎక్స్‌పోజర్ (జ్ఞాపకాన్ని పదేపదే చెప్పించి ఎదుర్కొనేలా చేసేది), సీపీటీ (గాయం వల్ల చిక్కుకున్న ఆలోచనలను నిలదీయించేది), ఈఎండీఆర్ (కంటి కదలికలతో చేసేది) వంటి పేర్లలో ఏదో ఒకటి రావాలి. ఎక్స్‌పోజర్ పద్ధతిని ఎడ్నా ఫోవా, సీపీటీని పట్రీషియా రెసిక్, ఈఎండీఆర్‌ను 1980ల చివర్లో ఫ్రాన్సీన్ షపీరో రూపొందించారు. ఇవన్నీ పరీక్షకు నిలిచినవే. కేవలం ధైర్యం చెప్పి పంపడం, పాజిటివ్‌గా ఆలోచించమనడం కౌన్సెలింగ్ అనిపించుకోవచ్చు గానీ, ఈ పని కాదు. హిప్నాటిజంతో మరచిపోయిన సంగతులను బయటికి లాగుతామనేవారికి దూరంగా ఉండండి. అలా తవ్వేటప్పుడు జరగనివి కూడా జరిగినట్టు మనసులో నాటుకోగలవు.

మొదలుపెట్టే ముందు

ఇంట్లో కొట్టేవాడు ఇంకా అదే ఇంట్లో ఉంటే జ్ఞాపకం మీద పని ఆగాలి, ముందు దెబ్బలు తింటున్న మనిషికి భద్రత కావాలి. ఇప్పటి ప్రమాదాన్ని పాత భయంగా భావించి తగ్గించుకోవడం నేర్పితే అది ద్రోహం. తీవ్రమైన ఆత్మహత్య ఆలోచనలు, భ్రమలు ఉన్నా ముందు వాటినే చూస్తారు. రోజూ తాగేవారు ఆ మాట దాచకుండా చెప్పాలి, తాగుడుకు కూడా పక్కనే వైద్యం నడుస్తుంది. అయితే సిద్ధం కావడం పేరుతో నెలల తరబడి ఊపిరి అభ్యాసాలే చేయిస్తూ అసలు జ్ఞాపకం జోలికి పోకపోవడం కూడా ఒక రకమైన తప్పించుకోవడమేనని నా అభిప్రాయం. కొన్నిసార్లు భయపడేది థెరపిస్టే. నాలుగైదు భేటీలయ్యాక కూడా ఆ ఊసు రాకపోతే, ఎప్పుడు మొదలుపెడతామని మీరే అడగండి.

మందుల గురించి ఒక మాట. సెర్ట్రలిన్, పారాక్సిటిన్ వంటివి పీటీఎస్‌డీకి వాడతారు, థెరపీతో కలిపి వాడవచ్చు. నిద్రకోసమనీ కంగారుకనీ తేలిగ్గా దొరికే ఆల్ప్రజోలమ్, క్లోనజిపామ్ వంటివి పీటీఎస్‌డీని తగ్గించవు, అలవాటుపడేలా చేస్తాయి, భయాన్ని ఎదుర్కొని నేర్చుకోవలసిన పాఠాన్ని కూడా మొద్దుబార్చగలవు. ఇప్పటికే వాడుతున్నవారు మాత్రం ఒక్కసారిగా ఆపేయకూడదు, డాక్టరు చెప్పిన క్రమంలోనే తగ్గించుకోవాలి.

భేటీ రోజున ఆ తరువాతి రెండు గంటలు ఖాళీగా పెట్టుకోండి. గాజువాక నుంచి బైకు మీద వచ్చి, గంటన్నర ఏడ్చి, మళ్ళీ ఆ ట్రాఫిక్‌లో బండి నడుపుకుంటూ నైట్ షిఫ్టుకు వెళ్ళడం మంచిది కాదు. బస్సులోనో ఆటోలోనో రండి, లేదా బావమరిదినో చెల్లెలినో వెంటబెట్టుకుని రండి, వారు బయట కూర్చుంటే చాలు.

చెప్పడం

ఎక్స్‌పోజర్ పద్ధతిలో భేటీ సుమారు 90 నిమిషాలుంటుంది, మొత్తం 8 నుంచి 15 భేటీల వరకు పడుతుంది. ఎన్నో గాయాలున్నవారు అన్నింటినీ చెప్పనక్కరలేదు. ఇప్పుడు ఎక్కువగా వెంటాడుతున్నదాన్ని ఎంచుకుంటారు, దాని మీద జరిగిన పని మిగతావాటికి కూడా కొంత పాకుతుంది. కళ్ళు మూసుకుని, ఆ ఘటనను వర్తమానంలో, అంటే «నేను పరుగెత్తుతున్నాను, గొంతు మండుతోంది» అన్నట్టు, మొదలు నుంచి చివరి దాకా చెప్పాలి. చివరి దాకా అన్నది ముఖ్యం. సాధారణంగా మనసు అతి భయంకరమైన క్షణం దగ్గర ఆగిపోయి, ఆ తరువాత ఆసుపత్రికి చేరామనీ, బతికామనీ గుర్తుచేసుకోదు. మధ్యమధ్యలో థెరపిస్టు బాధ ఎంత ఉందో 0 నుంచి 100 వరకు అంకె చెప్పమంటారు. ఒకసారి ముగిశాక మళ్ళీ మొదటి నుంచి.

ఒక ఊహాత్మక ఉదాహరణ చూద్దాం. ఆ గ్యాస్ రాత్రి భార్యనూ బిడ్డనూ తీసుకుని వీధిలోకి వచ్చి పడిపోయిన ఒకాయన ఉన్నారనుకోండి. మొదటిసారి ఆయన చెప్పేది రెండు నిమిషాల్లో అయిపోతుంది: «వాసనొచ్చింది, లేచాం, పరుగెత్తాం, పడిపోయాను, తరువాత కేజీహెచ్‌లో ఉన్నాను మేడమ్.» పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలంలా ఉంటుంది, మొహంలో కదలిక ఉండదు. థెరపిస్టు తొందరపెట్టదు. «వాసన ఎలా ఉందండీ? కాళ్ళకు చెప్పులున్నాయా?» అని చిన్న ప్రశ్న వేస్తుంది. చెప్పుల ప్రశ్న దగ్గర ఆయన ఆగిపోతాడు. చెప్పుల్లేవు. తలుపు తీయగానే కాలికి పక్కింటివాళ్ళ సైకిల్ తగిలింది. ఆ సైకిల్ అక్కడుందంటే ఆ ఇంటాయన లోపలే ఉన్నాడన్నమాట. తాను ఆ తలుపు కొట్టలేదు. అంకె 40 నుంచి 95కు పోతుంది. ఇలాంటి చోటును హాట్‌స్పాట్ అంటారు. తరువాతి భేటీల్లో కథ మొత్తం కాకుండా ఈ ఒక్క నిమిషాన్నే మళ్ళీమళ్ళీ, నెమ్మదిగా చెప్పిస్తారు. చెప్పగా చెప్పగా అంకె దిగుతుంది. ఒక్కో భేటీలో దిగకపోవచ్చు, అంతమాత్రాన పని జరగనట్టు కాదు, వారం నుంచి వారానికి వచ్చే మార్పును చూడాలి.

చెప్పినదాన్ని ఫోన్లో రికార్డు చేసుకుని ఇంట్లో రోజూ వినమంటారు. చాలామంది వదిలేసేది ఇక్కడే. పిల్లలు పడుకున్నాక, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని, తలుపు వేసుకుని వినండి, అయితే నిద్రకు ముందు మాత్రం వద్దు. వింటూ కూర పోపు వేయడం, మెసేజీలు చూడడం వంటివి చేస్తే విన్నట్టు కాదు. ఆ రికార్డు ఇంకెవరి చేతిలోనూ పడకుండా ఫోన్‌కు తాళం ఉండాలి.

భావం మరీ పొంగి, గది మరచి ఆ రాత్రిలోకే జారిపోతుంటే కళ్ళు తెరిచి, భూతకాలంలో చెప్పాలి. కాళ్ళు నేలకు ఆనించి, బల్లను పట్టుకుని, ఈ రోజు తేదీ, గది గోడ రంగు పైకి అనాలి. మరీ మొద్దుబారిపోయి, ఎవరి కథో చెప్తున్నట్టుంటే దానికి తలకిందులుగా, వివరాల్లోకీ ఒంటిలోని స్పర్శలోకీ వెళ్ళాలి. ఏది కావాలో థెరపిస్టు చూసి చెప్తుంది గానీ, «నేను ఇక్కడ లేనండీ» అనిపించినప్పుడు ఆ మాట పైకి అనవలసింది మీరే. ముందుగానే ఒక చేతి సైగ అనుకుని ఉంచుకోవడం మంచిది. కొన్ని ముక్కలు గుర్తు లేకపోవడం కూడా మామూలే, ఆ ఖాళీలను ఊహతో పూడ్చవద్దు.

చిక్కుకున్న ఆలోచన

పై ఉదాహరణలో ఆయన్ను వెంటాడుతున్నది భయం ఒక్కటే కాదు. «నేను ఆ తలుపు కొట్టి ఉంటే ఆయన బతికేవాడు» అన్న వాక్యం. సీపీటీలో ఇలాంటి వాక్యాలను కాగితం మీద రాయించి, ఒక్కోదాన్ని నిలదీయిస్తారు. ఇది మామూలుగా 12 భేటీల కార్యక్రమం, ఘటనను వివరంగా చెప్పకుండానే చేయవచ్చు, చెప్పడం బొత్తిగా ఇష్టంలేనివారికి ఇదే నయం. ఆయనతో ఎవరైనా «నీ తప్పేం లేదు నాన్నా» అంటే అది చెవికి చేరదు, ఎందుకంటే ఆ మాట బంధువులంతా ఇదివరకే అన్నారు. థెరపిస్టు ప్రశ్నలు వేరేలా ఉంటాయి. తలుపు తీసిన క్షణంలో అది ఏ వాసనో మీకు తెలుసా? చేతిలో ఎవరున్నారు? మీరు ఎంత దూరం వెళ్ళాక పడిపోయారు? ఆ తలుపు దగ్గర ఇంకో నిమిషం నిలబడి ఉంటే బిడ్డ ఏమయ్యేది? తెల్లారాక తెలిసిన సంగతులతో ఆ రాత్రి తీసుకున్న నిర్ణయానికి తీర్పు చెప్పుకుంటున్నానని ఆయన తనంతట తాను గ్రహించాలి. ఆ తరువాత కూడా దుఃఖం మిగులుతుంది. దుఃఖం వేరు, నేరభావం వేరు. మొదటిదానికి చోటివ్వాలి, పక్కింటాయన సంవత్సరీకానికి వెళ్ళి ఆ ఇంటివాళ్ళను పలకరించడం ఇన్నేళ్ళూ తప్పించుకున్నవాడు చేయగలిగితే అది చికిత్సలో భాగమే.

నిజంగానే తప్పు చేసినవారి సంగతి వేరు. తాగి బండి నడిపి ఒకరి చావుకు కారణమైన డ్రైవర్‌కు నీ తప్పేమీ లేదని చెప్పడం అబద్ధం. అక్కడ బాధ్యత ఎంతవరకో తేల్చుకుని, చేయగల పరిహారం చేసి, దానితో బతకడం ఎలాగన్నదే పని.

గది బయట

తప్పించుకుంటున్న చోట్లనూ వస్తువులనూ ఒక కాగితం మీద రాసి, తక్కువ బాధ కలిగించేదాని నుంచి ఎక్కువ కలిగించేదానికి మెట్లుగా పేర్చుకోవాలి. ఒక్కటే షరతు, మామూలు మనుషులకు అక్కడ ప్రమాదం ఉండకూడదు. పై ఉదాహరణలో ఆయనకు రంగుల వాసన ఆ రాత్రి గ్యాస్‌ను గుర్తుచేస్తుందనుకుంటే, మొదటి మెట్టు రంగుల దుకాణం ముందు నుంచి నడిచి వెళ్ళడం, రెండోది లోపలికి వెళ్ళి డబ్బా ధర అడగడం, మూడోది ఇంట్లో తలుపుకు రంగు వేస్తుంటే ఆ వరండాలోనే కూర్చోవడం, ఆపైన ఆ ఘటన జరిగిన చోటికి దగ్గరలోని గోపాలపట్నం మీదుగా వెళ్ళే బస్సెక్కడం, చివరిది చీకటిపడ్డాక ఆ వీధిలో నడవడం. ప్రతి మెట్టు మీదా భయం కాస్త తగ్గేవరకు, సుమారు అరగంట నుంచి ముప్పావుగంట ఉండాలి. భయం శిఖరాన ఉన్నప్పుడే వెనక్కి వచ్చేస్తే తప్పించుకోవడాన్నే ఇంకోసారి నేర్చుకున్నట్టవుతుంది.

వాసనలకూ చప్పుళ్ళకూ ఇంకో అభ్యాసం బాగా పనికొస్తుంది. అవి తగలగానే అప్పటికీ ఇప్పటికీ తేడాలను వెతకాలి. అప్పుడు చీకటి, ఇప్పుడు ఎండ. అప్పుడు గొంతు మూసుకుపోయింది, ఇప్పుడు టీ తాగుతున్నాను. హుద్‌హుద్ చూసినవారికి గాలి హోరు వినబడగానే కిటికీలన్నీ మూసి మంచం కింద దూరాలనిపిస్తే, వాతావరణ శాఖ హెచ్చరిక ఉందో లేదో ఒక్కసారి చూసుకుని, లేకపోతే కిటికీ దగ్గరే నిలబడి ఆ గాలికీ ఈ గాలికీ ఉన్న తేడాను పైకి చెప్పుకోవాలి. హెచ్చరిక ఉంటే మాత్రం అందరిలాగే జాగ్రత్త పడాలి. పదేపదే ఫోన్లో చూసుకోవడం అభ్యాసం కాదు, రోగ లక్షణమే.

ఈఎండీఆర్‌లో జ్ఞాపకాన్ని మనసులో పట్టుకుని, థెరపిస్టు వేళ్ళ కదలికను కళ్ళతో అనుసరిస్తారు. ఎక్కువ మాట్లాడనక్కరలేదు, ఇంటిపని తక్కువ. ఫలితాలు బాగానే ఉన్నాయి. కంటి కదలిక వల్లే ఆ ఫలితం వస్తోందా అన్నదాని మీద వాదన ఇంకా తెగలేదు.

ఇంట్లోవారు చేయగలిగినది

«ఏం చెప్పావు, ఆవిడేమంది?» అని గుమ్మంలోనే అడగవద్దు. అన్నం పెట్టండి, పక్కన కూర్చోండి. మొదటి రెండు మూడు వారాల్లో పీడకలలు పెరగవచ్చు, చిరాకు పెరగవచ్చు, ఇలా అవుతుందని మీకు ముందే తెలిసి ఉంటే «ఆ థెరపీయే చెడగొట్టింది, మాన్పించేద్దాం» అన్న తొందర రాదు. ఆయన బదులు మీరే బజారుకు వెళ్ళడం, ఆ రోడ్డు రాకుండా ఆటోను చుట్టూ తిప్పించడం వంటివి ప్రేమతోనే చేస్తూ ఉంటారు. వాటిని థెరపిస్టుతో మాట్లాడి ఒక్కొక్కటిగా తగ్గించాలి, మీకు మీరే నిర్ణయించి రేపటి నుంచి బంద్ అనకూడదు. అర్ధరాత్రి పీడకలతో లేచినవారిని పట్టుకుని కుదపవద్దు. లైటు వేసి, కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలిచి, ఏ ఊరో ఏ ఇల్లో చెప్పండి.

కొన్ని వారాలు గడిచినా నిద్ర, తిండి, పని అన్నీ దిగజారుతూనే ఉంటే, ఒళ్ళు తెలియని స్థితి ఇంటికి వచ్చాక కూడా గంటల తరబడి సాగుతుంటే, చేతులు కోసుకోవడం, చావు మాటలు మొదలైతే వచ్చే భేటీ దాకా ఆగకుండా థెరపిస్టుకో సైకియాట్రిస్టుకో చెప్పాలి. వేగం తగ్గిస్తారు, లేదా పద్ధతి మారుస్తారు. చిన్నతనం నుంచి ఏళ్ళ తరబడి హింసను అనుభవించినవారిలో ఇలా జరిగే అవకాశం ఎక్కువ, వారికి భేటీలు కూడా ఎక్కువే పడతాయి, ఆ సంగతి మొదట్లోనే మాట్లాడుకుంటే మధ్యలో నిరాశ తగ్గుతుంది.

భేటీలు ముగిసే ముందు థెరపిస్టుతో కూర్చుని, ఏ తేదీలు, ఏ ఋతువు, ఏ వార్తలు మళ్ళీ కదిలించగలవో రాసుకోండి. అక్టోబరులో అల్పపీడనం వార్త, మే మొదటి వారంలో టీవీలో మళ్ళీ చూపించే పాత దృశ్యాలు, కోర్టు సమన్లు, ఆ గాయంతో ముడిపడిన ఇంటి పెళ్ళి పిలుపు అన్నీ ఆ పట్టికలో చేరాలి. ఒక్కోదాని పక్కన ఏ అభ్యాసం చేయాలో, ఎవరికి ఫోన్ చేయాలో రాయండి. రెండు మూడు రోజులు కల్లోలంగా ఉండి సర్దుకుంటే పాత అభ్యాసాలు చాలు. రెండు వారాలైనా సర్దుకోకపోతే, లేదా మళ్ళీ దారులు మార్చుకోవడం మొదలైతే ఒకటి రెండు భేటీల కోసం తిరిగి అదే థెరపిస్టు దగ్గరకు వెళ్ళండి. ఆ ఫైలు, ఆ రికార్డులు పారేయకుండా ఉంచుకుంటే రెండోసారి మొదటి నుంచి చెప్పనక్కరలేదు.